లడ్డూకి టిక్ ఫీవర్: నట్టల మందు తప్పకుండా వేస్తున్నా ఎలా వచ్చింది?

లడ్డూ_నాన్న (మణికొండ) | ఆగస్టు 9, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా లడ్డూ లాబ్రడార్, నాలుగేళ్లు, 31 కేజీలు. గురువారం నుంచి ముద్ద ముట్టట్లేదు. గిన్నె చప్పుడైతే చాలు పరిగెత్తుకొచ్చేవాడు, ఇప్పుడు తల కూడా ఎత్తట్లేదు. ఇవాళ పొద్దున ముక్కులోంచి రెండు చుక్కల రక్తం పడింది. క్లినిక్‌కి తీసుకెళ్తే జ్వరం 104.6, ప్లేట్‌లెట్లు 41 వేలు. టిక్ ఫీవర్ అన్నారు. ఏదో ఇంజెక్షన్ చేసి డాక్సీసైక్లిన్ రాశారు.

నాకు అర్థం కానిది ఒకటే. మూడు నెలలకోసారి నట్టల మందు వేస్తాను, క్యాలెండర్‌లో రాసుకుని మరీ. అయినా ఇదెలా వచ్చింది? మందు నకిలీదంటారా?

సైనిక్‌పురి_పెద్దాయన | ఆగస్టు 9, రాత్రి 11:05

నకిలీది కాదు బాబూ, దాని పనే వేరు. నట్టల మందు కడుపులో పురుగులకి. నీ కుక్కకి వచ్చింది పిడుదు కాటు వల్ల రక్తంలోకి ఎక్కిన జబ్బు. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసి పడుకున్నావు, అంతే.

మూడు సంగతులు చెప్పు. ఈ మధ్య వాడి ఒంటి మీద పిడుదు కనిపించిందా? ఇంతకు ముందు ఇలాంటి జ్వరం వచ్చిందా? ఒంటేలు ఏ రంగులో ఉంది?

మల్లేపల్లి_మామ | ఆగస్టు 9, రాత్రి 11:31

గిదేం పెద్ద ముచ్చట గాదు అన్నా. బొప్పాయి ఆకు రసం రెండు పూటల పొయ్యి. మా తమ్మునికి డెంగీ వచ్చినప్పుడు గట్లనే ప్లేట్‌లెట్లు పెరిగినయ్. జ్వరానికి ఇంట్ల పారాసెటమాల్ ఉంటే సగం గోలీ ఇయ్యి, పొద్దుగల్ల లేచి ఉరుకుతడు.

ఇంటర్న్‌షిప్_బాధితుడు (రాజేంద్రనగర్) | ఆగస్టు 10, ఉదయం 6:18

డ్యూటీకి పోయే ముందు ఇది చూసి ఆగలేకపోయా. మామా, కోపం తెచ్చుకోకండి. పారాసెటమాల్ వద్దు. మనకి వేసే గోలీని కుక్క లివర్ తట్టుకోలేదు, మోతాదు కాస్త మించితే ఎర్ర రక్తకణాలు కూడా పాడవుతాయి. ఐబుప్రోఫెన్, ఆస్ప్రిన్ ఇంకా ప్రమాదం. ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం కారుతున్న కుక్కకి ఆస్ప్రిన్ పడితే కడుపులో రక్తస్రావం మొదలవుతుంది. బొప్పాయి ఆకు రసం సంగతికొస్తే, ప్లేట్‌లెట్లు పడిపోవడం జబ్బు గుర్తు, జబ్బు కాదు. లోపల క్రిమి అలాగే ఉంటే ఆకు ఏం చేస్తుంది? పైగా తిండే ముట్టని కుక్క నోట్లో చేదు రసం బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

లడ్డూ నాన్నగారూ, టిక్ ఫీవర్ అనేది ఒక జబ్బు పేరు కాదు. మన దగ్గర కనీసం నాలుగింటిని కలిపి అలా పిలిచేస్తాం. ఎర్లీకియా కేనిస్ ఒక బ్యాక్టీరియా, తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. అనాప్లాస్మా ప్లాటిస్ కూడా బ్యాక్టీరియానే, అది నేరుగా ప్లేట్‌లెట్లలోనే ఉంటుంది. ఈ రెండింటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. మూడోది బబీసియా. అది బ్యాక్టీరియా కాదు, మలేరియా క్రిమికి దూరపు చుట్టం లాంటిది, ఎర్రకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. నాలుగోది హెపటోజూన్. దీని తమాషా ఏంటంటే పిడుదు కరిస్తే రాదు, కుక్క ఒళ్లు గోక్కుంటూ పిడుదుని మింగేస్తే వస్తుంది. వీటన్నిటినీ తెచ్చేది ప్రధానంగా మన ఇళ్లలో కనిపించే ఆ గోధుమరంగు పిడుదే. ఒకే కుక్కలో రెండు మూడు కలిసి ఉండటం కూడా మామూలే.

అందుకే రిపోర్టులో ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. రక్తం చుక్కని స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోపులో చూశారా, ఏ క్రిమి అని చెప్పారా అని అడగండి.

లడ్డూ_నాన్న | ఆగస్టు 10, ఉదయం 9:50

పెద్దాయన గారూ, చెప్పడానికి సిగ్గుగా ఉంది. జూన్‌లో ఒకసారి ఇలాగే వచ్చింది. అప్పుడూ డాక్సీ 28 రోజులకి రాశారు. ఏడో రోజుకే వాడు బంతి పట్టుకొచ్చి ఆడటం మొదలెట్టాడు. బాగయిపోయాడు కదా, ఇన్ని యాంటీబయోటిక్‌లు ఎందుకని మా ఆవిడా నేనూ ఆపేశాం. మిగిలిన స్ట్రిప్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

పిడుదులు కనిపించాయి. చెవి వెనక రెండు, కాలి వేళ్ల మధ్య ఒకటి. పీకి బాల్కనీలోంచి పడేశా. ఒంటేలు పసుపుగానే ఉంది. స్లైడ్ సంగతి ఫోన్ చేసి అడిగితే చూడలేదన్నారు.

సైనిక్‌పురి_పెద్దాయన | ఆగస్టు 10, ఉదయం 10:12

సిగ్గెందుకు, 1988లో నేనూ అదే చేశాను. నా ఆల్సేషియన్ అలాగే పోయింది. ఆ రోజుల్లో మాకు చెప్పేవాళ్లు కూడా లేరు.

పీకిన పిడుదుని కింద పడేయకు. గోళ్లతో నలపకు. సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి, స్పిరిట్ ఉన్న సీసాలో వెయ్యి. మూతి చర్మంలో ఉండిపోతే భయపడక్కర్లేదు, కొన్నాళ్లకి అదే ఊడుతుంది. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు మాత్రం వద్దు. కాలిన పిడుదు కడుపులో ఉన్నదంతా కుక్క ఒంట్లోకే కక్కుతుంది.

ఇంటర్న్‌షిప్_బాధితుడు | ఆగస్టు 10, మధ్యాహ్నం 1:40

జూన్ కథ వింటే చాలా సంగతి అర్థమవుతోంది. ఎర్లీకియా మొదటి దశ రెండు నుంచి నాలుగు వారాలుంటుంది. ఆ తర్వాత మందు వేసినా వెయ్యకపోయినా చాలా కుక్కలు పైకి మామూలైపోతాయి. క్రిమి మాత్రం ప్లీహంలో దాక్కుని నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిపేస్తుంది. ఆడుతున్నాడు, తింటున్నాడు అని మనం ఆపేసేది సరిగ్గా అప్పుడే. కొన్ని కుక్కల్లో తర్వాత మూలుగ దెబ్బతిని అన్ని రకాల కణాలూ పడిపోతాయి. అక్కడిదాకా పోతే మందు కూడా ఆశ పెట్టదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు వందల్లో పోయింది ఈ జబ్బుతోనే.

ఈసారి 28 రోజులూ పూర్తి చేయండి. గోలీ ఖాళీ కడుపున వద్దు, వాంతవుతుంది. వేశాక కాస్త నీళ్లో రెండు ముద్దలో లోపలికి పోవాలి, గొంతులో ఇరుక్కుంటే ఆహారనాళం పుండవుతుంది. ఇంకోటి, మనవాళ్లందరూ చేసే పని: పెరుగన్నంలో పెట్టి ఇవ్వకండి. పాలు, పెరుగు, క్యాల్షియం టానిక్ ఈ మందుని ఒంటికి పట్టనివ్వవు. చికెన్ ముక్కలో దాచండి.

చివరగా ఒక గుర్తు పెట్టుకోండి. ఎర్లీకియా అయితే డాక్సీ మొదలెట్టిన ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగి కుక్క తేరుకోవాలి. దిగలేదంటే ఇంకేదో ఉన్నట్టు.

కోలీ_తల్లి (గచ్చిబౌలి) | ఆగస్టు 10, సాయంత్రం 5:22

పిడుదుల మందు మాట ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా. మా వీధిలో ఒకాయన గొర్రెలకి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ తెచ్చి తన కుక్కలన్నిటికీ తనే పొడుస్తాడు. మా పిల్లకి కూడా ఉచితంగా వేస్తానన్నాడు. మాది రఫ్ కోలీ. ఈ జాతిలో చాలా కుక్కలకి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ మెదడులోకి పోకుండా ఆపే కాపలా వాటికి ఉండదు. తూలడం, చూపు పోవడం, కోమా. నేను దండం పెట్టి పంపించేశా.

మల్లేపల్లి_మామ | ఆగస్టు 10, సాయంత్రం 6:03

అరె, మా ఊర్ల గొర్ల మందతోని ఉండే కుక్కలకు గదే సూది ఏస్తరు అక్కా. ఒక్కటి సావలే.

కోలీ_తల్లి | ఆగస్టు 10, సాయంత్రం 6:10

మీ ఊరి కుక్కలు కోలీలు కావు కదా అన్నా 😄

మల్లేపల్లి_మామ | ఆగస్టు 10, సాయంత్రం 6:14

గది గూడ నిజమే.

పిస్తా_అక్క (అల్వాల్) | ఆగస్టు 10, రాత్రి 8:47

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. కొత్త థ్రెడ్ తెరవడం రాలేదు. మా ఇంటి ముందు వీధి కుక్క ఈనింది, ఒక పిల్లని లోపలికి తెచ్చుకున్నాం. ఐదు వారాలు. పొట్ట గుండ్రంగా డప్పులా ఉంది, ఒళ్లంతా ఎముకలే. నిన్న సేమియా లాంటి పురుగులు కక్కింది. ఇవాళ దాని తల్లి పడుకున్న చోట దోసగింజల్లాంటివి కనిపించాయి. రెండూ ఒకటేనా? మా పాప మూడేళ్లది, పిల్లని వదలట్లేదు.

ఇంటర్న్‌షిప్_బాధితుడు | ఆగస్టు 10, రాత్రి 9:55

ఒకటి కాదక్కా. సేమియా లాంటివి ఏలికపాములు, టాక్సోకారా. ఇవి పుట్టాక అంటుకునేవే కాదు, తల్లి కడుపులో ఉండగానే పిల్లలోకి వచ్చేస్తాయి, తర్వాత పాలలోనూ వస్తాయి. అందుకే పుట్టిన రెండో వారం నుంచే రెండు వారాలకోసారి మందు పడాలి, తల్లికీ అప్పుడే వెయ్యాలి. మీ పిల్ల ఇప్పటికే ఆలస్యం. బరువు తూయించి పైరాంటెల్ లాంటిది డాక్టర్ చేత వేయించండి. పొట్టనిండా పురుగులున్న పిల్లకి అంచనా మీద మోతాదు పెట్టకూడదు.

దోసగింజలు బద్దెపురుగు ముక్కలు. ఎండితే బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. అది పాకేది ఫ్లీల ద్వారా, అంటే ఒంటి మీద గెంతే ఆ చిన్న నల్ల పురుగుల ద్వారా. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ ఫ్లీని మింగితే లోపల బద్దెపురుగు పెరుగుతుంది. దానికి ప్రాజిక్వాంటెల్ కావాలి, పైరాంటెల్ దాన్నేం చేయదు. ఫ్లీలని వదిలేసి గోలీలు వేస్తూ పోతే నెల తిరిగేసరికి మళ్లీ గింజలు.

చిగుళ్లు చూడండి. తెల్లగా పాలిపోయి, మలం నల్లగా తారులా ఉంటే కొంకిపురుగులు కూడా ఉన్నట్టు. అవి పేగు గోడకి వేలాడి రక్తం తాగుతాయి. అంత చిన్న పిల్లలు వాటితోనే పోతాయి, అలా ఉంటే రేపటిదాకా ఆగకండి.

పాప గురించి మరీ భయపడక్కర్లేదు. ఏలికపాము గుడ్డు మలంలో బయటికొచ్చాక అంటుకునే స్థితికి రావడానికి రెండు వారాలైనా పడుతుంది. రోజూ మలం తీసేస్తే సగం పని అయిపోయినట్టే. మట్టిలో ఆడి వచ్చిన చేతులు కడిగించండి. ఆ గుడ్లు చిన్నపిల్లల కడుపులోకి పోతే లార్వాలు కాలేయానికీ అరుదుగా కంటికీ చేరతాయి, కాబట్టి తేలిగ్గానూ తీసుకోవద్దు.

పిస్తా_అక్క | ఆగస్టు 10, రాత్రి 10:20

చిగుళ్లు గులాబీగానే ఉన్నాయి తమ్ముడూ. రేపు పొద్దున్నే తీసుకెళ్తా. సేమియా మాత్రం ఇక ఈ జన్మలో తినను.

కోలీ_తల్లి | ఆగస్టు 11, ఉదయం 7:35

పురుగుల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. అమెరికాలో ఉన్న మా చెల్లి నెలనెలా హార్ట్‌వార్మ్ గోలీ వేస్తున్నావా అని ప్రాణం తీస్తోంది. హైదరాబాద్‌లో అవసరమా? దోమలకి మాత్రం మన దగ్గర కొరత లేదు.

సైనిక్‌పురి_పెద్దాయన | ఆగస్టు 11, ఉదయం 8:20

దోమల ఊరే మరి. బేగంపేటలోని ఆ పాత భవనంలోనే కదా రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అక్కడే మొత్తం తేలిందని మనం గొప్పగా చెప్పుకుంటాం కానీ, జబ్బులు మోసే పురుగుల సంగతిలో పిడుదుది అంతకన్నా ముందు మాట. పశువుల జ్వరాన్ని పిడుదులు మోస్తాయని స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు అమెరికాలో 1893లోనే రాశారు. ఆ పశువుల జ్వరం కూడా బబీసియానే. ఇంకో సంగతి, కుక్కల్లో వచ్చే బబీసియా గిబ్సోనైని మొదటిసారి గుర్తించింది మన మద్రాసులోనే, అక్కడి దొరల వేటకుక్కల రక్తంలో, 1910లో.

హార్ట్‌వార్మ్ సంగతి కుర్రాడు చెప్తాడు.

ఇంటర్న్‌షిప్_బాధితుడు | ఆగస్టు 11, మధ్యాహ్నం 2:15

పెద్దాయన గారు వైవా పెడితే నేను ఫెయిలే.

కోలీ అమ్మగారూ, గుండెలో పెరిగే డైరోఫిలేరియా ఇమ్మిటిస్ మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఈశాన్య రాష్ట్రాల్లో. దక్షిణాదిలో ఎక్కువగా దొరికేది దాని చుట్టం డైరోఫిలేరియా రెపెన్స్, చర్మం కింద ఉంటుంది. గుండె పురుగుకి ఉన్నంత ప్రమాదం దీనికి లేదు. కానీ దోమ ద్వారా మనుషులకీ వస్తుంది, కేరళలో మనుషుల కంట్లోంచి తీసిన సందర్భాలున్నాయి. రక్తం స్లైడ్‌లో రెండింటి పిల్లలూ పాముల్లా మెలికలు తిరుగుతూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అది చూసి ఎవరైనా హార్ట్‌వార్మ్ అని కంగారుపెడితే యాంటిజెన్ టెస్ట్ అడగండి, అంటే రక్తంలో గుండె పురుగు వదిలే ప్రొటీన్‌ని పట్టే పరీక్ష. గోలీ మొదలెట్టే ముందు ఆ టెస్ట్ ఎలాగూ చేయించాలి. మీ కోలీకి ఏ మందు, ఎంత అన్నది డాక్టర్ జాతి చూసి చెప్పాలి. హార్ట్‌వార్మ్ నివారణకి వేసే ఐవర్‌మెక్టిన్ మోతాదు చాలా తక్కువ, దాన్ని కోలీలు కూడా తట్టుకుంటాయి. గొర్రెల ఇంజెక్షన్‌తో దానికి పోలిక లేదు.

చదువుతున్నప్పుడు నాకు భలే నచ్చిన విషయం ఒకటి. ఆ గుండె పురుగు ఒంట్లో వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది లేకపోతే పురుగు బతకలేదు. అందుకని పురుగుని చంపే ముందు డాక్సీసైక్లిన్ ఇచ్చి బ్యాక్టీరియాని చంపుతారు.

లడ్డూ_నాన్న | ఆగస్టు 13, ఉదయం 6:02

ఎవరైనా మెలకువగా ఉన్నారా? నాలుగు రోజుల నుంచి డాక్సీ వేస్తూనే ఉన్నాం. జ్వరం దిగలేదు, ఇప్పుడు 104.2. రాత్రి ఒంటేలు డికాక్షన్‌లా ఉంది. చిగుళ్లు తెల్ల కాగితంలా ఉన్నాయి. మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయాడు.

ఇంటర్న్‌షిప్_బాధితుడు | ఆగస్టు 13, ఉదయం 6:09

ఇప్పుడే బయల్దేరండి, క్లినిక్ తెరిచేదాకా ఆగొద్దు. ఎర్రకణాలు పగులుతున్నాయి. బబీసియా అయ్యే అవకాశం ఎక్కువ. నడిపించకండి, ఎత్తుకుని కారులో పెట్టండి. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, చూడమనండి. స్లైడ్‌కి రక్తం చెవి అంచు నుంచి తీయమనండి, అక్కడైతే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. స్లైడ్‌లో కనపడకపోయినా లేదని తేల్చొద్దు, క్రిమి జన్యువుని పట్టే పీసీఆర్ పరీక్షకి పంపించాలి.

బోయిన్‌పల్లి_చింటూ_అక్క | ఆగస్టు 13, ఉదయం 6:31

రక్తం ఎక్కించాల్సి వస్తే చెప్పండి. మా గ్రూపులో ముగ్గురు దాతలున్నారు, అన్నీ 25 కేజీల పైనే, టీకాలు పూర్తయినవి, పిడుదు జబ్బుల పరీక్షలు చేయించినవి. తార్నాకలో ఉన్న డాబర్‌మాన్ వాళ్ల నాన్న ఇప్పుడే లేచాడు, కారు తాళం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికి రమ్మంటారో నాకు మెసేజ్ పెట్టండి చాలు.

లడ్డూ_నాన్న | ఆగస్టు 13, రాత్రి 11:48

పీసీవీ 16. కుక్కకి మామూలుగా 37 పైన ఉండాలట. మధ్యాహ్నం రక్తం ఎక్కించారు. ఆ డాబర్‌మాన్ మెడ చాచి బుద్ధిగా పడుకుంది, మా ఆవిడ దాని కాళ్లు పట్టుకుని ఏడ్చింది. స్లైడ్‌లో ఎర్రకణాల లోపల చిన్న ఉంగరాల్లాంటివి డాక్టర్ గారు నాకు కూడా చూపించారు. బబీసియా అన్నారు. ఏ రకమో తేల్చడానికి శాంపిల్ పంపారు. చింటూ అక్కా, ఏం చెప్పాలో తెలియట్లేదు.

లడ్డూ_నాన్న | ఆగస్టు 16, సాయంత్రం 4:26

పీసీఆర్ వచ్చింది. బబీసియా గిబ్సోనై, దాంతోపాటు ఎర్లీకియా కేనిస్. రెండూ.

ఇంటర్న్‌షిప్_బాధితుడు | ఆగస్టు 16, సాయంత్రం 7:12

అయితే డాక్సీ తన పని తాను చేస్తూనే ఉంది, బబీసియా దాని వెనక దాక్కుంది. మొదటి రోజు చేసిన ఇంజెక్షన్ పేరు బిల్లు మీద ఉంటుంది, చూడండి. డైమినజీన్, ఇమిడోకార్బ్ అనే మందులు పెద్ద సైజు బబీసియా రకాల మీద బాగా పనిచేస్తాయి. గిబ్సోనై చిన్న రకం, మొండిది, వాటికి సరిగ్గా లొంగదు. దీనికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులిస్తారు. అటోవాక్వోన్ కొవ్వున్న తిండితో ఇస్తేనే ఒంటికి పడుతుంది. డాక్సీని పెరుగుకి దూరం పెట్టమన్నాను కదా, ఇది దానికి పూర్తిగా తలకిందులు, నెయ్యి వేసి మరీ ఇవ్వాలి. ఖరీదైనది, అన్ని షాపుల్లో దొరకదు. దొరక్కపోతే క్లిండామైసిన్, మెట్రోనిడజోల్, డాక్సీ కలిపి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఏది అన్నది మీ డాక్టర్ తేల్చాలి.

లడ్డూ_నాన్న | ఆగస్టు 16, రాత్రి 8:30

డైమినజీనే. ఆయన తప్పు పట్టను, నేనే జూన్‌లో మందు ఆపిన మనిషిని. అటోవాక్వోన్ కోసం కోఠి, నారాయణగూడ అంతా తిరిగి చివరికి రేపటికి తెప్పిస్తామన్నారు. నెయ్యన్నం అనగానే లడ్డూ తోక ఊపాడు. వారంలో మొదటిసారి.

సైనిక్‌పురి_పెద్దాయన | ఆగస్టు 17, ఉదయం 7:00

కుక్క సంగతి డాక్టర్లు చూస్తారు. ఇప్పుడు ఇంటి సంగతి చూడు. కుక్క మీద నీకు దొరికినవి నాలుగైతే, గోడల్లో నాలుగొందలుంటాయి. ఈ పిడుదు తడవకి ఒకసారి రక్తం తాగి దిగిపోతుంది, పగుళ్లలో దూరి తోలు మార్చుకుంటుంది, మళ్లీ ఎక్కుతుంది. అలా మూడుసార్లు. ఆఖరున ఆడది గోడ సందులో వేల గుడ్లు పెట్టి చస్తుంది. తిండి లేకుండా నెలలు ఉండగలదు. దీనికి అడవి అక్కర్లేదు, మన మూడో అంతస్తు ఫ్లాట్ చాలు. పైకి పాకడం దాని అలవాటు కాబట్టి నేల తుడిచి ఊరుకోకు. కర్టెన్ మడతలు, గుమ్మం చట్రాలు, స్విచ్ బోర్డుల వెనక, పైకప్పు మూలలు చూడు.

మల్లేపల్లి_మామ | ఆగస్టు 17, ఉదయం 9:41

పెద్దాయన జెప్పింది కరెక్టు. మేం గోమార్లంటం వీటిని. పాత ఇంట్ల సున్నం గోడ పొంట లైను గట్టి పైకి ఎక్కుతుండె. అన్నా, బొప్పాయి ముచ్చట నేను వాపస్ తీసుకుంటున్న.

కోలీ_తల్లి | ఆగస్టు 17, ఉదయం 10:15

మేం బ్రావెక్టో అనే పిడుదుల గోలీ వాడుతున్నాం, పన్నెండు వారాలకి ఒకటి. నెలకోసారి వేసే నెక్స్‌గార్డ్ కూడా అదే కోవకి చెందింది. మూర్ఛలు వచ్చే కుక్క అయితే డాక్టర్‌కి ముందే చెప్పాలి, 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద ఆ హెచ్చరిక ఇచ్చింది. మా దానికి ఏమీ కాలేదు.

ఇంటర్న్‌షిప్_బాధితుడు | ఆగస్టు 17, మధ్యాహ్నం 1:30

ఒక్క మాట. ఈ గోలీలు పిడుదు కరిచాకే దాన్ని చంపుతాయి. ఎర్లీకియా కొన్ని గంటల్లోనే ఎక్కేయగలదు. కరవకముందే తరిమే కాలర్లు, మెడ మీద పోసే మందులు వేరే ఉన్నాయి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం పర్మెత్రిన్ ఉన్నది కుక్కకి కూడా వాడొద్దు, పిల్లికి విషం.

లడ్డూ_నాన్న | సెప్టెంబర్ 21, రాత్రి 9:14

ఆలస్యానికి క్షమించండి. డాక్సీ 28 రోజులూ పూర్తయింది, ఈసారి ఖాళీ స్ట్రిప్‌లు లెక్కపెట్టి డాక్టర్‌కి చూపించా. పీసీవీ 41, ప్లేట్‌లెట్లు రెండు లక్షల ముప్పై వేలు. ఇంకో నెల ఆగి మళ్లీ పీసీఆర్ చేస్తామన్నారు.

పిడుదులు ఎక్కడ దొరికాయో చెప్తే నవ్వుతారు. బాల్కనీలో ఇన్వర్టర్ వెనక గోడకి ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం ఉంది, సగం పూడ్చి వదిలేశారు. టార్చి వేసి చూస్తే లోపల పెసరగింజలు పోసినట్టు. లడ్డూ పరుపు సరిగ్గా దాని కిందే. మందు కొట్టించి, సిమెంట్ పెట్టించా, పరుపు కాల్చేశా.

బోయిన్‌పల్లి_చింటూ_అక్క | సెప్టెంబర్ 21, రాత్రి 9:40

అబ్బ, ప్రాణం లేచొచ్చింది! లడ్డూ బాగా కోలుకున్నాక మన దాతల జాబితాలో రాసుకోనా? 31 కేజీలు, నాలుగేళ్లు, అన్నీ కుదిరాయి.

ఇంటర్న్‌షిప్_బాధితుడు | సెప్టెంబర్ 21, రాత్రి 9:52

కుదరదక్కా. గిబ్సోనై వచ్చిన కుక్కలో పీసీఆర్ నెగెటివ్ వచ్చినా కొద్దిపాటి క్రిములు జీవితాంతం దాగి ఉండొచ్చు. ఆ రక్తం ఇంకో కుక్కకి ఎక్కిస్తే జబ్బు కూడా ఎక్కుతుంది. లడ్డూ ఎప్పటికీ దాత కాలేడు. కుక్కల కొట్లాటలకి కూడా దూరంగా ఉంచండి, కాట్ల ద్వారా కూడా గిబ్సోనై అంటుకుంటుంది.

లడ్డూ_నాన్న | సెప్టెంబర్ 21, రాత్రి 10:05

మా కింది ఫ్లోర్‌లో జర్మన్ షెపర్డ్ ఉంది, 34 కేజీలు. వాళ్లతో మాట్లాడా, పరీక్షలన్నిటి ఖర్చు నాది అన్నా. ఆదివారం తీసుకొస్తున్నాం అక్కా, అడ్రస్ పెట్టండి.